గడ్డం కింద రెండు వేళ్లు

మా అక్క బట్టలు కుడుతుంది. ఆదివారం చర్చి వెనక గదిలో పిల్లలకు జ్ఞానోపదేశం చెబుతుంది. రెండు పనులూ ఒకే ముఖంతో చేస్తుంది. నవ్వదు, విసుక్కోదు, ఏడవదు. నేను ఆమె చెల్లెల్ని. పీఠం మీది గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేది నేనే. అక్క మాట్లాడాల్సినవి కూడా నేనే మాట్లాడతాను కాబట్టి, నా నోరంటే చర్చిలో అందరికీ హడల్.

అక్క పుట్టుకతోనే ఇలా లేదు. ఆమె కొడుక్కి మాటలు రావు, మూర్ఛలొచ్చేవి. తోటి పిల్లలంతా మొదటి సత్ప్రసాదానికి, అంటే పూజలో మొదటిసారి ఆశీర్వదించిన అప్పం తినడానికి, సిద్ధమవుతుంటే అక్క వాడికీ ఒక తెల్లచొక్కా కుట్టింది. అప్పుడున్న పెద్ద ఫాదర్‌గారు వాడి తల నిమిరి, "వీడు దేవదూతేనమ్మా, వీడికి సత్ప్రసాదం ఎందుకు?" అన్నారు. తిట్టినా బాగుండేది, తిరగబడేవాళ్లం. పొగిడి పంపించేశారు. దేవదూతైతే మాత్రం ఆకలేయదా ఏం? ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

వాడికి మీసాలొచ్చాయి. ఒక మధ్యాహ్నం మూర్ఛలోనే పోయాడు. సమాధి దగ్గరనుంచి రాగానే అక్క మెషిన్ ముందు కూర్చుని సగంలో ఆగిన స్కూలు చొక్కా కాలరు పూర్తి చేసింది. భుజాలు పట్టి కుదిపాను, "ఏడవ్వే, ఏడిస్తే తేలికవుతుంది" అని.

"రావట్లేదే" అంది, దారం కొరుకుతూ.

ఆ తర్వాత కూడా రోజూ పూజకు వస్తుంది. ఆమెన్ అంటుంది, నాలుక చాపుతుంది, వచ్చి కూర్చుంటుంది, మాత్ర మింగినట్టు.

మా కుట్టుషాపు పక్కన బేకరీలో రొట్టెలు కోసే ఆవిడకు ఒక కూతురు. ఆటిజం అన్నారట డాక్టర్లు. మా కుట్టుబల్ల కింద దూరి, తెగిన జిప్పు ఒకటి పట్టుకుని కిందికీ పైకీ లాగుతూ కూర్చునేది. అందుకే జిప్పు అని పిలిచాను. పేరు పెట్టింది నేనే, మోసింది మాత్రం ఊరంతా. అడిగినదానికి జవాబు చెప్పదు. విన్న మాటనే, విన్న గొంతుతోనే మళ్లీ అంటుంది.

ఒకరోజు వాళ్లమ్మ చేతుల పిండి తుడుచుకుంటూ వచ్చి, "అక్కా, దీనిక్కూడా సత్ప్రసాదం ఇప్పించవా? నీకు పుణ్యముంటుంది" అంది. అక్క తలెత్తకుండానే, "ఆదివారం తీసుకురా" అంది.

అసలు కష్టం నోటితోనే. సత్ప్రసాదంగా ఇచ్చే అప్పం కాగితంలా పల్చగా, పొడిగా ఉంటుంది, అంగిలికి అతుక్కుంటుంది. మొదటిసారి ఆ పిల్ల ఉమ్మేసి, చెవులు మూసుకుని కేకలు పెట్టింది. అక్క సిస్టర్ల మఠం నుంచి ఆశీర్వదించని అప్పాలు తెచ్చింది. ముందు నలుసంత, తర్వాత సగం, తర్వాత మొత్తం. పిల్ల గడ్డం కింద రెండు వేళ్లు ఆనించేది. నొక్కేది కాదు, ఊరికే ఆనించేది. కాసేపటికి నోరు తెరుచుకునేది. పవిత్రమైనదానితో ఆటలాడుతున్నామని పిల్ల అనుకోకూడదని, ప్రతిసారీ, "ఇది ఉత్తి అప్పమే" అని చెప్పేది. ఆ తర్వాత చెయ్యి పట్టుకుని చర్చి లోపలికి తీసుకెళ్లి, ఆశీర్వదించిన అప్పాలు దాచే మందసం పక్కన వెలిగే ఎర్రదీపం చూపించి, "యేసు ఇక్కడున్నాడు" అనేది. గదిలో ఉన్నంతసేపూ జిప్పు చప్పుడే. దీపం ముందు మాత్రం ఆ చెయ్యి ఆగిపోయేది.

ఇప్పటి ఫాదర్ చిన్నవాడు, మంచివాడే. "మామూలు అప్పానికీ, క్రీస్తు శరీరమని ఇచ్చే అప్పానికీ తేడా తెలిస్తే చాలమ్మా, ఇంకేం అడగను" అన్నారు.

ఆ రోజుకి అక్క తెల్లగౌను కుట్టి, లాక్కోవడానికి వీలుగా ముందువైపు జిప్పు వేసింది. పిల్లలందరి వెనక జిప్పు నిలబడింది, దాని వెనక అక్క. ఫాదర్ అప్పం ఎత్తి, "క్రీస్తు శరీరం" అన్నారు. దానికి ఆమెన్ అనాలి.

"ఇది ఉత్తి అప్పమే" అంది జిప్పు. చర్చి అంతా వినబడింది.

ఫాదర్ చెయ్యి గాల్లో ఆగింది. మెల్లగా అప్పాన్ని పాత్రలో పెట్టేసి, పిల్ల నుదుటి మీద సిలువ గుర్తు వేశారు. పిల్ల నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. వాళ్లమ్మ వచ్చి భుజం పట్టి తీసుకెళ్లేదాకా మూయలేదు.

పూజ కాగానే నేను పూజబట్టల గదిలోకి దూరి ఫాదర్‌ని కడిగేశాను. "ఆమెన్ అన్నవాళ్లందరూ తెలిసే తింటున్నారా? పాపం, దానికొక్కదానికేనా పరీక్ష?"

"నాకేమన్నా సరదానా అమ్మా? ఆ పిల్లే కాదంటే ఎలా ఇవ్వను?" అన్నారాయన.

అక్క తలుపు దగ్గర నిలబడి ఉంది. కొలతలు చెప్పే గొంతుతోనే చెప్పింది. "అది కాదనలేదు ఫాదర్. అది నా మాట. వారం వారం నేను చెప్పిన మాట, నా గొంతుతోనే చెప్పింది. దానికి తేడా తెలుసు. గదిలో జిప్పు లాగుతూనే ఉంటుంది, దీపం ముందు ఆపేస్తుంది. తెలియనిది నాకే. వాడు పోయినప్పటినుంచి మీరు నాకు ఇస్తున్నది నాకు ఉత్తి అప్పమే. ఏమీ అనిపించట్లేదు. ఆమెన్ అంటున్నానని నాకు ఇస్తున్నారు."

ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఒకే కంచంలో తిన్నంత దగ్గర. నాకూ చెప్పలేదు. ఫాదర్ వేసుకున్న పూజబట్ట విప్పడం మర్చిపోయి బల్ల మీద కూర్చున్నారు. "పిల్లని రేపు సాయంత్రం పూజకి తీసుకురండి. మీరూ రండి" అన్నారు.

జిప్పు వాళ్లమ్మని ఒప్పించేసరికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది. "మళ్లీ నలుగురిలో నవ్వులపాలు చేస్తారా?" అని ఏడ్చింది. అయినా తీసుకురమ్మని బతిమాలాను.

మర్నాడు పూజకు జనం పలచగా ఉన్నారు. నడవ పొడవునా జిప్పు చప్పుడు వినబడుతోంది. ఫాదర్ ముందుకు రాగానే ఆగింది. ఆయన ఆ పిల్ల చేతినే చూస్తున్నారు.

"క్రీస్తు శరీరం."

"ఇది ఉత్తి అప్పమే."

వెనకెవరో కిసుక్కుమన్నారు. నేను తిరిగి చూసేసరికి నోరు మూసుకున్నారు. ఫాదర్ మాత్రం ఆ కదలని చేతివంక చూస్తూనే, అప్పాన్ని పిల్ల నాలుక మీద పెట్టారు. జిప్పు నోరు మూసింది, నమిలింది, మింగింది. వాళ్లమ్మ అక్కడే మోకాళ్ల మీద కూలబడిపోయింది.

తర్వాత అక్క.

"క్రీస్తు శరీరం" అన్నారు ఫాదర్. అక్క ఆమెన్ అనలేదు. పెదాలు బిగుసుకుపోయాయి. ఇన్నేళ్లూ చాపిన నాలుకే, ఈరోజు రావట్లేదు. ఫాదర్ తొందరపెట్టలేదు.

పక్కకు వెళ్లాల్సిన జిప్పు వెళ్లలేదు. తలెత్తి అక్కని చూసింది. చెయ్యి ఎత్తి, అక్క గడ్డం కింద రెండు వేళ్లు ఆనించింది. నొక్కలేదు, ఊరికే ఆనించింది.

కాసేపటికి అక్క నోరు తెరుచుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు, సమాధి దగ్గర రానిది. చర్చి మారుమోగేలా ఏడ్చింది. ఫాదర్ అప్పం పట్టుకుని అలాగే ఆగారు, వెనక వరుసలో వాళ్లూ ఆగారు. జిప్పు మాత్రం వేళ్లు తియ్యలేదు.