టైమరు తీసింది నా తోడికోడలు కాదు

మా కరెంటు మేస్త్రీ పోయాడని పాలామె చెప్పింది. గిన్నెలో పాలు పోస్తూనే, "మీ మేస్త్రీ లేడంటండీ, తెల్లారేసరికి పోయాడంట" అంది. నేను ఆ గిన్నె అక్కడే అరుగు మీద పెట్టేసి, ఉన్న చీరతోనే వాళ్ళింటికి వెళ్ళాను. ఆ రోజు ఏడ్చినట్టు నేను మా ఇంటాయన పోయినప్పుడు కూడా ఏడవలేదు. చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఏడుపు ఇప్పుడు వెనక్కి తీసుకోలేను.

నాకు చదువు రాదు. మా పై వాటాలో అద్దెకుండే టీచరమ్మ, నేను చెబుతుంటే రాస్తోంది. నర్సీపట్నంలో వైరింగు పని చేసేవాళ్ళంతా కలిసి అతని జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారట. నన్నూ నాలుగు మంచి మాటలు చెప్పమని వచ్చి అడిగారు. చెబుతాను. కానీ మంచి ఒక్కటే ఏరి చెప్పడం నాకు చేతకాదు. నా మాట ఎక్కడా మెత్తబరచవద్దని టీచరమ్మకు ముందే చెప్పాను.

మంచి ముందు చెబుతాను. అతను నాకు తోడబుట్టినవాడు కాదు. అయినా నన్ను "అప్పా" అని పిలిచేవాడు, నేను "తమ్ముడూ" అనేదాన్ని. చొక్కా జేబులో టెస్టరు, చెవి మీద పెన్సిలు. బోర్డు విప్పేముందు, "మెయిను ఆపేసాను అప్పా, నువ్వూ ఓసారి సూడు" అని నన్ను పిలిచి చూపించేవాడు. ఎండాకాలంలో పని ఉన్నా లేకపోయినా వచ్చి, పెరట్లో ఎర్తు గుంటలో రెండు బిందెల నీళ్ళు పోసి వెళ్ళేవాడు. ఆ గుంట ఎండితే షాకు కొడుతుందని అతని భయం. ఫ్యూజు పోతే తీగ చుట్టడం నాకు నేర్పాడు. నాకేం తెలుస్తుందని నేనంటే, "సదువు లేపోతే ఏటప్పా, సేతులున్నాయి కదా" అన్నాడు. డెబ్బై ఏళ్ళ బతుకులో నాకు ఏదైనా చేతనవుతుందని చెప్పిన మగవాడు అతనొక్కడే.

లైనులో చివరి ఇల్లు మాది. సాయంత్రం అయ్యేసరికి బల్బు గుడ్డిదీపంలా ఉంటుంది. ఆ వేళప్పుడు మోటారు వేసి ఒకసారి కాల్చుకున్నాను. అప్పుడు అతను మీటరు పక్కన ఒక టైమరు డబ్బా పెట్టాడు. "సాయంత్రం ఊరంతా ఒక్కసారే లాగుతాది అప్పా, మనకి మిగిలేది అడుగుబొడుగు. అందరూ పడుకున్నప్పుడు మనం తీసుకుందాం" అన్నాడు. తెల్లవారుజామున మోటారు దానంతట అదే తిరిగి, ట్యాంకు నిండాక ఆగిపోయేది. ఆ డబ్బా మీద గుండ్రటి బిళ్ళ, చుట్టూ చిన్న చిన్న పళ్ళు. అంకెలు నాకు తెలియవని మోటారు ఎక్కేచోట ఎర్ర గోళ్ళరంగు చుక్క, ఆగేచోట పచ్చ చుక్క పెట్టాడు. కరెంటు పోయినంతసేపూ ఆ బిళ్ళ కూడా ఆగిపోతుంది, టైము వెనకబడుతుంది. ఎంత తిప్పాలో వచ్చి తిప్పేవాడు. కొన్నాళ్ళకు నేనే తిప్పుకోవడం నేర్చుకున్నాను.

ఇక నా తోడికోడలి సంగతి. మా రెండిళ్ళకూ గోడ ఒక్కటే, వాకిలి ఒక్కటే. నా మోటారు ఆమె మంచం పెట్టిన గోడకు అవతల ఉంది. దాని చప్పుడుకు ఆమెకు నిద్ర పాడయ్యేది. ఒకరోజు విసిగిపోయి, "అప్పా, ఆ డబ్బా పీకి కాలవలో పారేత్తాను సూడు" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వాను.

మూడేళ్ళ కిందట ఒక ఆదివారం పాయకరావుపేటలో పెళ్ళికి వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి వచ్చాను. చూస్తే మీటరు పక్కన డబ్బా లేదు. గోడకు నాలుగు కన్నాలు, టేపు చుట్టిన తీగలు ఉన్నాయి. వాకిట్లో ఉన్నది నా తోడికోడలు ఒక్కతే. అన్నం తిని పడుకుని లేచిందట.

"ఏటే, అన్నంత పనీ సేసీసావా?" అన్నాను.

"నానేటి సేసాను అప్పా? నాకేటి తెలుసు?"

"మరి గాలికి ఎగిరిపోనాదా?"

"నిద్దట్లో ఏదో బండి సప్పుడు ఇన్నాను. మేస్త్రీ బండిలాగే ఉన్నాది."

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. చేసింది చాలక దేవుడిలాంటివాడి మీద తోస్తావా అన్నాను. ఇంకా చాలా అన్నాను. వీధిలోవాళ్ళు బయటికి వచ్చారు. మర్నాడు అతను వచ్చాడు, చేతిలో కొత్త టైమరు. నేను కబురు పెట్టకుండానే ఎలా తెచ్చాడో ఆ రోజు నాకు తోచలేదు. ఊళ్ళో అనుకుంటుంటే విన్నాడనుకున్నాను. జరిగింది చెప్పి, "అది నీ బండి సప్పుడు ఇన్నాదంట తమ్ముడూ" అన్నాను. అతను స్క్రూలు బిగిస్తూ, ఇటు తిరగకుండా, "ఈ దారిన ఎన్ని బండ్లు ఎల్లవు అప్పా" అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకుని నేను గుడిదాకా వెళ్ళాను. శుక్రవారం అమ్మవారి ముందు నా తోడికోడలి చేత కర్పూరం ఆర్పించాను. మా వైపు అంతకు మించిన ప్రమాణం లేదు. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, తప్పు చెబితే నా ఇల్లు ఇలాగే ఆరిపోవాలి అనాలి. ముప్పై మంది చేరారు. గాలికి కర్పూరం నిలవడంలేదు. పక్కనే నిలబడ్డ మేస్త్రీ రెండు చేతులూ అడ్డం పెట్టాడు, ఆరిపోకుండా. ఆమె తన చెయ్యి పెట్టింది, ఆర్పింది, అనవలసింది అంది. అతను ఆ మంటను కాచాడే గాని నోరు విప్పలేదు.

ఆర్పినా నేను నమ్మలేదు. అమ్మవారి ముందు కూడా అబద్ధమాడిందనుకున్నాను. ఆ రోజునుంచి ఆమె నన్ను అప్పా అనడం మానేసింది. ఎదురుపడితే, "తప్పుకోండి" అనేది. ముప్పై ఏళ్ళు నా చేతి అన్నం తిన్న మనిషి నన్ను అండీ అంటుంటే, దొంగకు పౌరుషం ఒకటా అనుకునేదాన్ని.

నిరుడు ఆమె మొగుడు, మా మరిది పోయాడు. నేను గుమ్మం దాటలేదు, వీధిలోనే నిలబడ్డాను. షామియానాకు లైట్లు కట్టడానికి మేస్త్రీ నిచ్చెన ఎక్కి ఉన్నాడు. నన్ను చూసి దిగి వచ్చాడు.

"లోపలికి ఎల్లప్పా. ఒక్కసారి ఎల్లు."

"దొంగ కొంపలోకి నానెల్లను" అన్నాను.

అతను మళ్ళీ నిచ్చెన ఎక్కాడు. చెప్పదలచుకుంటే అదే సమయం. ఇంకో పది మాటలు పలికితే నేను మా మరిది మొహం చూసుకునేదాన్ని. ఆమెను పట్టుకుని ఏడ్చేదాన్ని.

మేస్త్రీ పెద్దకర్మ అయిన మర్నాడు వాళ్ళావిడ నా దగ్గరికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఆ ఆదివారం ఎస్. రాయవరంలో ఎవరిదో గృహప్రవేశమట. పని ఇతనిదే, అన్నీ బిగించి టైమరు కొనడం మరిచిపోయాడట. ఆదివారం షాపులు లేవు, ఆ ఇంటి యజమాని కేకలు. నేను ఊళ్ళో లేనని మా డబ్బా విప్పి పట్టుకెళ్ళాడట. సోమవారం పొద్దున్నే కొత్తది తెచ్చి పెట్టేస్తే అప్పకు తెలియనే తెలియదనుకున్నాడట. నేను మధ్యాహ్నానికే వచ్చేస్తాననుకోలేదు.

"మరి ఆ మాటే సెప్పొచ్చు కదే" అన్నాను.

"నువ్వప్పటికే వీధంతా అరిసీసావు అప్పా. ఇప్పుడు సెప్తే ఆడోళ్ళిద్దరి మధ్యనా నా పరువేటవుద్ది అన్నాడు. తర్వాత మరి సెప్పలేకపోయాడు. నాను పోయాక సెప్పు, ఆ అప్ప మొహం సూడలేను అన్నాడు."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆ రోజునుంచే" అంది.

అడిగితే నేనే విప్పి ఇచ్చేదాన్ని. ఆ బిళ్ళ నేనే తిప్పుకునేదాన్ని, రెండు రోజులు అది లేకపోతే చేత్తో మోటారు వేసుకోలేనా? తీసినందుకు నాకు కోపం లేదు. నన్ను మూడేళ్ళు అలా అరవనిచ్చి, నా చేతి టీ తాగుతూ కూర్చున్నాడు. నాకు చేతులున్నాయని చెప్పినవాడే ఆ చేతులతో నా ఇంటి మనిషిని గెంటించాడు. అతనిదెంతో నాదీ అంతే తప్పు. కానీ నాది నేను ఒప్పుకోవడానికి బతికున్నాను. అతను మాత్రం, ఎదురుగా నిలబెట్టి ఒక్క మాట అడిగే అవకాశం కూడా నాకు ఇవ్వకుండా పోయాడు.

నేను తోడికోడలి గుమ్మం దాకా వెళ్ళాను. అంతా చెప్పాను. ఆమె చింతపండు గింజ తీస్తోంది, చెయ్యి ఆపలేదు.

"గుడికాడ అన్నారు కదండీ. సెప్పేదేటో అక్కడే సెప్పండి" అంది.

శుక్రవారం వెళ్ళాను. ఆ రోజు చూసిన ముప్పై మందిలో ఆరుగురు ఉన్నారు. ఇద్దరికి సంగతే గుర్తులేదు. అయినా పెద్దగా చెప్పాను, నా తోడికోడలు దొంగ కాదని, దొంగ అన్న నోరు నాదని. మిగిలిన ఇరవై నాలుగు మంది కోసమే ఈ పుస్తకంలో చెబుతున్నాను. అతని ఫోటో పక్కన ఇది అచ్చవడం కొందరికి బాగుండదు. బాగుండకపోతే పోనీ.

చెప్పి వెనక్కి తిరిగేసరికి, చెప్పులు విడిచేచోట ఆమె నిలబడి ఉంది, కొంగు తలమీద వేసుకుని. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. చెప్పులేసుకుని ముందు నడిచింది. మా ఇద్దరికీ దారి ఒక్కటే. నా మోకాళ్ళకు ఆమెతో బేగి నడవడం అయ్యే పని కాదు, వెనకబడిపోయాను. సోడాకొట్టు మలుపు దగ్గర ఆమె ఆగింది. తల తిప్పలేదు, రోడ్డుకేసే చూస్తూ నిలబడింది. నేను పది అడుగుల దూరానికి వచ్చాక మళ్ళీ నడక మొదలుపెట్టింది. తర్వాతి మలుపులోనూ అలాగే ఆగింది. ఇల్లు వచ్చేదాకా ప్రతి మలుపులోనూ ఆగి, నేను దగ్గరయ్యేసరికి కదులుతూ, వెనక్కి మాత్రం చూడకుండా నడిచింది.