కొలతలు అడిగిన పెద్దమ్మ

దర్జీ పని చేసే మా పెద్దమ్మ పొద్దున్నే కంప్యూటరు తెరిచి, ఆన్‌లైన్ ఆటలో యోధులకు అంగీలు కుట్టేది. "రోజంతా కుట్టేది చాలక అక్కడా అదేనా?" అని పెదనాన్న ఆటపట్టించేవాడు.

ఒకప్పుడు ఆటలోని ఆమె కొట్టు ముందు యోధులు బారులు తీరేవారు. ఫోన్లలో ఉచిత ఆటలొచ్చాక, ఈ ఆటకు నెలనెలా చందా కట్టేవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు. చివరికి ఒక్క విలుకాడు మిగిలాడు. అక్కా అని పిలిచే, ముఖమైనా చూడని ఆ తమ్ముడంటే ఆమెకు ప్రాణం.

ఒకరోజు అతనూ రాశాడు: "అక్కా, ఈ నెలతో నేనూ మానేస్తున్నా."

ఆటలో అంగీలు అందరికీ సరిపోయేవి. అందుకే ఆమె అక్కడ ఎన్నడూ ఎవరి కొలతలూ అడగలేదు. ఇప్పుడు అడిగింది: "నీ కొలతలు పంపరా. నిజం చొక్కా కుడతాను."

"పొట్ట కొలత కూడానా?"

"అబద్ధమాడకుండా పంపు."

ఇప్పుడు పెద్దమ్మ ఏ ఆటకూ చందా కట్టడం లేదు. ఆ తమ్ముడి చొక్కాలన్నీ ఆమే కుడుతోంది.