సాముయేలు సారు తొమ్మిది రోజుల ఉపవాసం

పోలీసు లాఠీ తలకు తగిలి సాముయేలు సారుకు మతి చెడిందని మొయినాబాద్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అబద్ధం. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో చేవెళ్ల రోడ్డు మీద ఆ దెబ్బ పడినప్పుడు నేను పక్కనే ఉన్నాను. విరిగింది ఆయన గొడుగు. తలకు గీత కూడా పడలేదు.

సారు మా బడి పంతులు. మా ఇంటికి రెండిళ్ల అవతలే కాపురం. ఉద్యమం రాకముందు నుంచే ఆయన మనసు ఒకచోట నిలిచేది కాదు. రెండు వారాలు నిద్రే లేకుండా గలగలా మాట్లాడేవాడు. ఆ వెంటనే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఏడాదికి నాలుగైదు సార్లు ఇదే వరస. అదేదో ఆయన స్వభావం అనుకున్నాం.

బడులు మూతపడ్డాక ఇక ఆయనను పట్టేవారే లేరు. పొద్దున సురంగల్‌లో ఉపన్యాసం, మధ్యాహ్నం చేవెళ్లలో ఊరేగింపు. కనిపించిన ప్రతి గోడ మీదా జై తెలంగాణ అని రాశాడు. పాస్టరుగారి గోడనూ వదల్లేదు.

"గోడంత గలీజు చేసినవు గద సారూ!" అని పాస్టరమ్మ మొత్తుకుంది.

"గోడకు నోరొచ్చిందమ్మా, సంతోషపడు!"

అందరం పడీపడీ నవ్వాం.

గొడుగు విరిగిన వారానికే ఆ నోరు మూతపడింది. మంచం దిగలేదు, అన్నం ముట్టలేదు, నీళ్లు కూడా గుక్కెడే. మా చర్చి సంఘంలో ఉపవాస ప్రార్థన మామూలే, కానీ మూడు రోజులకు మించి ఎవరూ ఉండరు. నాలుగో రోజు కూడా దాటేసరికి, ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో పోయిన పిల్లల కోసం సారు ఉపవాసం పట్టాడని ఊరంతా చెప్పింది నేనే. నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను, నేనే చాటాను. జనం వచ్చి మంచం చుట్టూ కూర్చుని పాటలు అందుకున్నారు.

ఐదో రోజు ఆయన భార్య కరుణమ్మ గంజి తెచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను.

"జర తాగనియ్యి బీరమ్మత్తా. మనిషి ఎండిపోతుండు."

"నడుమల ఇడిపిస్తె ప్రార్థన చెడిపోతది బిడ్డా. తీసుకపో."

"మనం ఒక్క పూట మానితె ఊరంత చెప్పుకుంటం," అన్నాడు సంఘపెద్ద పేతురు. "సారును జూడుండ్రి, చప్పుడే లేదు!"

తొమ్మిదో రోజు ఆయన నాలుక పగిలింది, కళ్లు తేలిపోయాయి. పాటలు ఆగాయి. పరుగున పట్నం దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు సెలైను పెట్టించి, కరుణమ్మ చెప్పినదంతా విన్నాడు.

"ఇది జబ్బమ్మా. మనసు పైకెక్కుతుంది, పాతాళానికి పడిపోతుంది. కొందరికి ఏళ్లకోసారి, ఈయనకు ఏడాదికి నాలుగైదు సార్లు. దయ్యమూ కాదు, భక్తీ కాదు. ఇంకో రెండు రోజులు ఆగితే శవాన్ని తెచ్చేవారు."



మాత్రలు మొదలైన మూడు నెలలకు సారు అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"సారూ, నిజం చెప్పు. ఆ తొమ్మిది దినాలు ఏమని ప్రార్థన చేసినవు?"

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు.

"ప్రార్థన యాడిది అత్తా! మొదట్ల ముద్ద దిగలే. ఐదో దినం ఆకలైంది. గప్పటికే మీరంత చుట్టు కూసోని పాటలు పాడుతుండ్రి. ఆకలైతుందని ఎవరికి చెప్పాలె?"