బారుకు పట్టుకెళ్లిన యంగోనా

ఫిజీ రాజధాని సువాలో మగవాళ్లను ఇష్టపడే మగవాళ్లు కలుసుకునే బారు ఒకటి ఉందని విన్న రెండేళ్లకు గానీ నాకు బస్సెక్కే ధైర్యం రాలేదు. అప్పటికి నాకు ముప్ఫై ఒకటి. రారవాయి చక్కెర మిల్లు ఆఫీసులో గుమాస్తాను. ఆ వారమే అమ్మ, సువా దారిలో ఉన్న నవువాలో ఒక సంబంధం చూసి, సోమవారానికల్లా ఏదో ఒకటి తేల్చమంది. ఆ బారులో నాకు చోటు లేదనిపిస్తే తిరిగొచ్చి, నోరు మూసుకుని పెళ్లి చేసుకుందామని నిశ్చయించుకున్నాను. పిల్ల మంచిది. అందుకే మరీ భయం.

ఆఫీసు పని అని అమ్మతో చెప్పి బయల్దేరాను. నా ఖర్మకొద్దీ బస్సు నవువాలో ఆగి పావుగంట కదల్లేదు. పిల్ల తండ్రి ఎక్కడ చూస్తాడోనని సీట్లో కిందికి జారి, మొహం మీద తువ్వాలు కప్పుకున్నాను. పక్క సీటు ముసలమ్మ నాకు జ్వరమనుకుని నారింజ పండు ఒలిచి పెట్టింది.

మా వైపు కొత్త గడప తొక్కేటప్పుడు ఉత్త చేతులతో వెళ్లం. నీళ్లలో కలుపుకుని తాగే యంగోనా అనే వేరు పొడి తీసుకెళ్లి అక్కడి పెద్దవాళ్ల ముందు పెడతాం. వాళ్లు పుచ్చుకుంటే ఇక మనం పరాయివాళ్లం కాదు. బారుకు ఏం తీసుకెళ్లాలో నాకు చెప్పినవాళ్లు లేరు. మార్కెట్లో అర కిలో యంగోనా పొడి కొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పేరంటానికి వెళ్లినట్టు సాయంత్రం ఆరింటికే వెళ్లి మేడమెట్ల పైన నిలబడ్డాను. బారు వాళ్లింకా కుర్చీలు దించుతున్నారు.

తలుపు దగ్గర కాపలాకి ఫిజీ మూలవాసి అయిన భారీ మనిషి ఒకడున్నాడు. పొట్లం చూసి, "ఇ కా హై, భాయ్?" అని అదేమిటో అడిగాడు. కింద కూర్చుని, పొట్లం రెండు చేతులతో ఆయన ముందు పెట్టి, మొదటిసారి వచ్చానని మాత్రం అనగలిగాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆయనా నేల మీద కూర్చుని, పొట్లాన్ని తాకి, పుచ్చుకునేటప్పుడు వాళ్ల భాషలో అనాల్సిన మాటలన్నీ ఒక్కటీ వదలకుండా అని, గట్టిగా చప్పట్లు చరిచాడు. "ఆ జా అందర్," అని లోపలికి రమ్మన్నాడు.

అందరూ యంగోనా తాగితే బీరు ఎవడు తాగుతాడని బారు యజమాని సణుగుతూనే, కలపడానికి ఐసు వేసే బేసిను ఇచ్చాడు. పూల గౌను వేసుకున్న ఒకతను వడగట్టడానికి మెడలో స్కార్ఫు విప్పి ఇచ్చాడు. సెంటు వాసనేసే యంగోనా జన్మలో ఆ ఒక్కసారే తాగాను.

నా పక్కన కూర్చున్న నెరిసిన మీసాలాయన ఊరు అడిగి, రారవాయి అనగానే తెలుగులోకి దిగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫిజీలో తెలుగు మిగిలింది కొద్దిమందికే; తెలుగొచ్చిన పెద్దవాడంటే మా తాతలదాకా తెలిసినవాడే అయ్యుంటాడు.

"డరకు, బేటా. నేను ఎవరికీ చెప్పను," అన్నాడు. "నేనూ నా సాథీ ఇరవై బరస్ నుంచి ఒక్క ఘర్‌లోనే ఉంటున్నం. మా బహిన్ దివాళీకి ఇద్దరికీ మిఠాయి పంపిస్తది."

తన కాపురం గురించీ, చెల్లెలి మిఠాయి గురించీ వానల సంగతి చెప్పినంత మామూలుగా చెప్పాడు. అలా మామూలుగా బతకొచ్చని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. యంగోనా ఘాటుగా ఉందని చెప్పి సర్దుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పోస్టాఫీసు ముందునుంచి అమ్మకు ఫోన్ చేశాను. "నవువా పిల్ల వద్దమ్మా. ఏ పిల్లా వద్దు. నాకు మగవాళ్లంటేనే ఇష్టం," అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. అవతల అమ్మ గోల చేస్తున్న మా కోళ్లని అదిలించింది.

"నవువా వాళ్లకి ఏదో ఒకటి నేనే చెప్తా," అంది. "నువ్ చెప్పకు. నీకు ఝూట్ చెప్పడం ఎప్పుడూ రాలేదు, బేటా."