యోహాను మీద నేను రాసిన మాట

ఇరవై ఎనిమిదేళ్లుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. ఆరు మాటల వాక్యం. "రూతమ్మను పట్టించింది ఆమె ఇంటాయనేనని ఊరు చెబుతుంది." నేనే రాశాను. అబద్ధమని తెలిసే రాశాను.

నా పేరు ఇక్కడ రాయడం లేదు. దాక్కోవడానికని అనుకోకండి, మా ఊరికి నేనెవరో బాగా తెలుసు. ఈ కాగితం మీద ఉండాల్సిన పేర్లు వేరే ఉన్నాయి. ఇంకో మాట. చదివాక నన్ను ఓదార్చాలని మీకు అనిపిస్తే, దయచేసి ఆ పని చేయకండి.

మాది సుల్తానాబాద్ దగ్గర పల్లె. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మాకు రాలేదు. మా మీద నిజాం పాలనే ఇంకా. గోదావరి దాటి, చెన్నూరు దాటి, ప్రాణహిత కూడా దాటితే అవతల నిజాం మీద పోరాడేవాళ్ల సరిహద్దు క్యాంపులు. అక్కడి నుంచి ఉత్తరాలు, తూటాలు మా వైపు రావాలి. మా తాతకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఊళ్లో ఇంకో నలుగురితో కలిసి ఆ పనిలో ఉన్నాడు. అది నిజం. కానీ నదులు దాటి ఆ సరుకు మోసుకొచ్చింది వాళ్లు కాదు. రూతమ్మ. మిషను చర్చికి పోయే కూలి కుటుంబం. చెన్నూరు వైపు నుంచి ఎండుచేపలు తెచ్చి అంగళ్లలో అమ్మేది. చేపల కింద తూటాలు ఉండేవి. ఆ వాసనకు పోలీసులు గంపలో చెయ్యి పెట్టేవాళ్లు కాదు.

ఒక అంగడి రోజున పోలీసులు నేరుగా ఆమె దగ్గరికే వచ్చారు. ఎవరినీ ఏమీ అడగలేదు. గంప బోర్లించారు. జైల్లో వేశారు.

భారత సైన్యం వచ్చి, నిజాం దిగిపోయాక జైలు తలుపులు తెరిచారు. రూతమ్మ నెత్తురు కక్కుతూ ఇంటికి వచ్చింది. ఏడాది తిరగకముందే చనిపోయింది. రెండేళ్లు దాటిన కూతురు మిగిలింది, మరియమ్మ.

ఎవరు చెప్పారు పోలీసులకు? ఊరు పెద్దగా ఆలోచించలేదు. రూతమ్మ దొరికిన ముందురోజు ఆమె భర్త యోహానును ఠాణాకు తీసుకుపోయి సాయంత్రానికి వదిలేశారు. ఇంకేం కావాలి? అదే రోజు మా తాతనూ తీసుకుపోయి వదిలేశారన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. మా తాతకు పదెకరాలుంది. యోహానుకు ఏమీ లేదు. పిల్లను చంకనేసుకుని యోహాను చొప్పదండికి వెళ్లిపోయాడు. కొత్త సర్కారు వచ్చింది, పంచాయతీ ఏర్పడింది, మొదటి సర్పంచ్ మా తాత.

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్లయినప్పుడు ఊరి పోరాటం మీద చిన్న పుస్తకం వేద్దామన్నారు పెద్దలు. నేను తెలుగు టీచర్ని, సమరయోధుని మనుమరాలిని. నేను కాక ఎవరు రాస్తారు? నోటుపుస్తకం పట్టుకుని తాత దగ్గర కూర్చున్నాను. అరుగు మీద పల్లికాయ ఒలుస్తున్నాడు. రూతమ్మ ఎలా దొరికిందని అడిగాను. ఊరికే, వరుసలో ఒక ప్రశ్నగా అడిగాను.

"రూతు పేరు చెప్పింది నేనే బిడ్డా," అన్నాడు.

మతి తప్పిందేమో అనుకున్నాను. ఆయన పల్లికాయ పక్కన పెట్టాడు.

"రెండు దెబ్బలకే చెప్పిన. మూడోది పడకముందే. యోహానును గూడ గదే అర్రల కొట్టిన్రు. గాయిన నోరు తెర్వలే."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే తాతా?"

"ఎవ్వలు అడగలే. నువ్వు అడిగినవ్. రాయి."

నేను రాయలేదు. కలం మూత పెట్టి, తర్వాత మాట్లాడదాం తాతా అన్నాను. ఆయన నా చేతి వైపు చూశాడు, ముఖం వైపు చూడలేదు. ఆ తర్వాత నెలన్నర బతికాడు. ఆ నెలన్నరలో రెండుసార్లు అడిగాడు, రాసినవా అని. రాశానన్నాను.

ఆయన పోయాక పుస్తకం అచ్చయింది. రూతమ్మ గురించి రెండు పేజీలు మంచిగానే రాశాను. చివర ఆ ఆరు మాటలు పెట్టాను. అవి లేకపోయినా పుస్తకానికి ఏ లోటూ లేదు. మరెందుకు పెట్టాను? చెప్పకుండా ఊరుకుంటే చాలదా? చాలదనిపించింది. ఖాళీ ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు. అడిగితే మా ఇంటి వైపు చూస్తారు. అందుకని ఆ ఖాళీలో యోహానును నిలబెట్టాను. మా నాన్న పరువు కోసమని, తమ్ముడి భవిష్యత్తు కోసమని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. వేదిక మీద నన్ను పిలిచేటప్పుడు ఆ తాత మనుమరాలని చెబుతారు చూడండి, అది నాకిష్టం. అంతే.

పుస్తకం వచ్చిన నెలకు మరియమ్మ మా బడికి వచ్చింది. అప్పటికి యాభై దాటిన మనిషి, చొప్పదండి దవాఖానలో ఆయా. పుస్తకం కొంగులో చుట్టుకుని తెచ్చింది. నేను కుర్చీ చూపించలేదు.

"టీచరమ్మా, మా బాపు సంగతి మీకు ఎవలు చెప్పిన్రు?"

ఊరంతా అనుకునేదే కదా అన్నాను.

"మా బాపు బతికే ఉన్నడు. చర్చి బడిల సదువుకున్నడు, అక్షరం తెలుసు. నిన్న పొద్దుగాల్నుంచి గా ఒక్క కాగితమే సూసుకుంట కూసున్నడు. అన్నం తినలే."

క్లాసుకు టైమైందని చెప్పి లేచాను. నిజంగా గంట కొట్టలేదు. యోహాను తర్వాత రెండేళ్లకు చనిపోయాడు. ఆ రెండేళ్లలో చొప్పదండి మీదుగా ఎన్నిసార్లు బస్సులో పోయానో. ఒక్కసారి దిగలేదు.

తాతను ఒక గదిలో వేసి కొట్టారు. ఆయన భయపడ్డాడు. ఇరవై రెండేళ్లవాడు, భయపడటం నాకు అర్థమవుతుంది. నన్నెవరు కొట్టారు? స్వతంత్ర దేశంలో, ఫ్యాను కింద కూర్చుని, జీతం తీసుకుంటూ, నేను యోహానును మళ్లీ ఠాణాకు పంపాను. తాత తన తప్పు ఒప్పుకుంటానంటే ఆయన నోరు కూడా నేనే మూశాను. ఆయన తప్పు కంటే నాది పెద్దదని చెబితే మావాళ్లకు కోపం వస్తుంది. రానివ్వండి.

ఈ ఏడాది తమ్ముడూ ఊరి పెద్దలూ కలిసి తాత విగ్రహం పెడుతున్నామన్నారు. నిజాం లొంగిపోయిన రోజు, సెప్టెంబరు పదిహేడున, జెండా ఎగరేసి, విగ్రహం తెరిచి, నన్ను మాట్లాడమన్నారు. వారం ముందు చొప్పదండి వెళ్లాను. మరియమ్మకు ఇప్పుడు ఎనభైకి దగ్గర. ఈసారి ఆమె నాకు కుర్చీ వేసింది. నేను కూర్చోలేకపోయాను. నిలబడే అంతా చెప్పాను.

"గిది నాకెందుకు చెప్తున్నరు? మా బాపు ఏం చెయ్యలేదని నాకు ఎరికే. తెల్వనోళ్లకు చెప్పున్రి." అంతే అంది. లోపలికి వెళ్లిపోయింది. మంచినీళ్లు ఇవ్వలేదు. ఎందుకివ్వాలి?

తమ్ముడికి ఫోన్లో చెప్పాను, వేదిక మీద ఏం మాట్లాడబోతున్నానో. చచ్చిపోయినవాళ్ల బొక్కలు ఇప్పుడెందుకు తవ్వుతావన్నాడు. చచ్చిపోయినవాళ్లకు విగ్రహం ఎందుకు పెడుతున్నావని అడిగాను. ఫోను పెట్టేశాడు.

పదిహేడున మైకు ముందు నిలబడ్డాను. రూతమ్మ పేరు పోలీసులకు చెప్పింది మా తాత అన్నాను. యోహాను చెప్పలేదు, దెబ్బలు తిని కూడా చెప్పలేదు అన్నాను. మూడో వాక్యానికి మైకు ఆగిపోయింది. ముప్పై ఏళ్లు అరవై మంది పిల్లలున్న గదుల్లో పాఠం చెప్పినదాన్ని, నాకు మైకు ఎందుకు? చివరి వరుసకు వినపడేలా చెప్పాను. తాత నన్ను రాయమన్నాడనీ, నేను రాయలేదనీ, ఆ పుస్తకంలో ఉన్నది నా అబద్ధమనీ చెప్పాను. ఎవరో కూర్చో అని కేకేశారు. కుర్చీలు కదిలాయి. కొందరు లేచి వెళ్లిపోయారు. కొందరు వెళ్లలేదు.

విగ్రహం తెరిచారు. దండ వేశారు. నేను వేయలేదు. తమ్ముడి ఇంటి గడప నాకు ఇక లేదు. పంచాయతీ బీరువాలో మిగిలిన పుస్తకాలు తగలబెట్టడానికి ఇమ్మని అడిగాను, ఇచ్చేది లేదన్నారు. అయితే ఇంకో పుస్తకం వేస్తాను. మరియమ్మ దగ్గర నుంచి ఏ కబురూ రాలేదు. వస్తుందని ఎదురుచూడటం లేదు. ఆమె క్షమించాలని నేను అడగలేదు, అడగను. యోహాను లేడు, ఆమె ఇవ్వగలిగేది కాదు అది.

నా మనసు శుద్ధి అయిందని మీకు చెప్పను. కాలేదు. కానీ చెప్పాల్సినది చెప్పేశాను. అది ఇప్పుడు నా ఒక్కదాని దగ్గర లేదు.