ఎనిమిది అక్షరాల తాత

ఆ ఆట గురించి ఆటగాళ్లు తమ అభిప్రాయాలు రాసుకునే పేజీ ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. నేను ఆట ఆడిన దానికంటే ఆ పేజీ చదివిందే ఎక్కువ. సాహిత్యాభిలాష అనుకునేరు, కాదు. ఆట నా చేతికి దొరికేది కాదు, అంతే.

అరచేతిలో ఇమిడే ఆటపెట్టె అది. మద్రాసులో ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో సెకండ్ హ్యాండ్‌ది కొన్నాను. వ్యాసర్‌పాడి నుంచి ఆఫీసుకు రోజూ బస్సులో వేలాడుతూ పోయే మనిషికి ఎక్కడో ఒకచోట వీరత్వం ఉండాలి కదా. అందులో ఉన్న ఆట ఒక్కటే. ఒక నాయకుడు, అతని వెంట ముగ్గురు మనుషులు ఊరూరా తిరుగుతారు. రాక్షసులు ఎదురొస్తే వంతులవారీగా, చాలా మర్యాదగా కొట్టుకుంటారు. కొట్టేకొద్దీ బలం పెరుగుతుంది. ఆఖరుకు లోకం బాగుపడుతుంది. సీటు దొరకనివాడు లోకాన్ని కాపాడటంలో ఒక తృప్తి ఉంది.

తెచ్చిన రోజే దాన్ని ఆన్ చేసి, ఛార్జింగ్‌లో పెట్టి స్నానానికి పోయాను. తిరిగి వచ్చేసరికి తాత కళ్లద్దాలు పెట్టుకుని దాని ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన రైల్వే యార్డులో పనిచేసి రిటైరైనవాడు. ఎక్కడ పేరు అడిగితే అక్కడ తన పేరు చెప్పడం ఆయనకు ఉద్యోగం నేర్పిన అలవాటు. ఆట తెర మీద ‘నీ పేరేమిటి?’ అని అడిగింది. ఆయన చెప్పాడు.

“అది కథానాయకుడి పేరు తాతా. మనకు ఇష్టమైంది ఏదైనా పెట్టొచ్చు,” అన్నాను.

“అడిగింది నన్ను. నా పేరు కాక ఎవురి పేరు చెప్పేది, పక్కింటాయన పేరా?”

“ఇంక మార్చడానికి లేదు.”

“ఎందుకు మార్చాల? నా పేరుకేమి?”

పేరుకేమీ లేదు. చోటే లేదు. ఆట ఇచ్చింది ఎనిమిది అక్షరాలకు స్థలం. మద్రాసులో ఇనీషియల్ లేని పేరు పేరే కాదు కాబట్టి, తాత ముందు ఇనీషియల్ కొట్టి, చుక్క పెట్టి, మిగిలిన ఆరు గళ్లలో తన పేరు ఎంత పడితే అంత కుక్కాడు. ఆయనది దేవుడి పేరు, పొడుగైనది. సగంలో తెగిపోయింది. ఆ విధంగా లోకాన్ని రక్షించాల్సిన వీరుడు కరెంటు బిల్లులో పేరు పట్టని వినియోగదారుడిలా బయల్దేరాడు.

తర్వాతి ఆదివారం నేను ఆడుతుంటే అవ్వ వెనక నుంచి చూసింది. అవ్వ తమిళ బడిలో చదువుకుంది, ఇంగ్లీషు రాదు. కానీ తాత పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో బ్యాంకు పాసుబుక్కులో చూసీ చూసీ ఆమెకు తెలుసు. సగం ఉన్నా గుర్తుపట్టింది. అప్పుడు ఒక తోడేలు నాయకుణ్ణి చితక్కొడుతోంది. ప్రాణం తగ్గితే పేరు ఎర్రబడుతుంది.

“ఒరే, ఈయనేందిరా ఎర్రగా అయిపోయినాడు?”

“దెబ్బలు తగిలాయి అవ్వా.”

“తగిలితే సుమ్మా చూస్తా కూచుంటావా? ఈడ తే!”

అంతే. ఆటపెట్టె చేతులు మారింది. నేను బస్సులో పాత పద్ధతిలో, అంటే ముందున్నవాడి వీపు చూస్తూ పోవడం మొదలుపెట్టాను.

అవ్వ ఆడే పద్ధతి ఆ పేజీలో ఎవరూ రాయనిది. ఆమె నాయకుణ్ణి వెనక వరసలో నిలబెట్టింది. ప్రతి యుద్ధంలోనూ అతని వంతు వస్తే ‘కాచుకో’ అన్న మీటే నొక్కేది. “ఆయనకు మోకాలు నొప్పి,” అనేది. కొట్టే పనంతా గాయాలు మాన్పడానికి వచ్చిన అమ్మాయి మీద పడింది. ఆ పిల్ల ఒక చేత్తో వైద్యం చేస్తూ, ఇంకో చేత్తో రాక్షసుల్ని చంపుతూ, అందరి సామానూ మోస్తూ నడిచేది. మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అమ్మ మాత్రం ఒకసారి తెర కేసి చూసి, “పాపం, ఇది నా మాదిరే ఉండాది,” అంది.

అమ్మకు ఆట మీద వేరే అభ్యంతరం ఉంది. నాయకుడు ఏ ఊరు పోయినా అడక్కుండా జనం ఇళ్లలో దూరి, కుండలు పగలగొట్టి, పెట్టెల్లో ఉన్నది తీసుకుని వచ్చేస్తాడు. ఇంటివాళ్లు పక్కనే నిలబడి వాతావరణం గురించి మాట్లాడతారు.

“మామ పేరు పెట్టుకోని ఈ పనులేంది అత్తా?” అంది అమ్మ.

అవ్వకు అది తగిలింది. ఆ రోజు నుంచి పెట్టెలు తెరవడం మానేసింది. కావలసినవన్నీ అంగడిలో కొనేది. అదే సమయంలో ఆ పేజీలో ఎవరో, ఇళ్లలో దొరికే మందులు ఏరుకోకుండా మూడో ఊరు దాటడం అసాధ్యమని రాశాడు. ఇంకొకడు నాయకుడి బలం పెంచకుండా చివరి కోటలోకి పోతే ఆత్మహత్యే అన్నాడు. అవ్వ రెండూ దాటేసింది. ఎలాగంటే, ప్రతి చిన్న కొట్లాట తర్వాతా వెనక్కి నడిచిపోయి సత్రంలో అందర్నీ పడుకోబెట్టేది. ఆ పేజీలో ‘యుద్ధాలు మరీ నిదానం’ అని వాపోయినవాళ్లు మా అవ్వ ఆట చూస్తే సన్యాసం పుచ్చుకునేవాళ్లు.

తాతకు ఇదంతా పట్టనట్టే ఉండేది. పేపరు చదువుకుంటూ, “నేను యాడ ఉండా ఇప్పుడు?” అని అడిగేవాడు.

“మంచుకొండ ఎక్కతా ఉండారు,” అనేది అవ్వ.

“స్వెటర్ ఉందా?”

“కొనిపెట్టినా.”

ఆయన మళ్లీ పేపరులోకి పోయేవాడు. నాన్నకు షిఫ్టు డ్యూటీ. ఈ జ్ఞాపకం పొడుగునా ఆయన నిద్రపోతూనే ఉంటాడు.

చిక్కు ఆ పేజీలోనే కనిపించింది నాకు, బస్సులో. ఆట ముగింపు గురించి అక్కడ రెండు పార్టీలున్నాయి. చివరి రాక్షసుడు చచ్చాక ఒక రాతి గుమ్మం మూసుకోవడం మొదలవుతుందట. ముగ్గురు ఇవతలికి వస్తారు, నాయకుడు అవతలే నిలబడిపోతాడు. అప్పుడు ఆట అడుగుతుంది: అతన్ని పేరు పెట్టి పిలువు. మీట కాదు, నోటితో. పెట్టెకు చిన్న మైకు ఉంది. పిలిస్తే వస్తాడు. పిలవకపోతే గుమ్మం మూసుకుంటుంది, ఆట అదే ఆఖరని రాసుకుంటుంది, పాతది చెరిగిపోతుంది, మళ్లీ ప్రయత్నించడానికి ఉండదు. సగం మంది ఇది చూసి ఏడ్చామని రాశారు. మిగతా సగం, అదంతా మోసం, మైకుకు పేరేమీ తెలియదు, ఏ చప్పుడైనా చాలు, మా కుక్క మొరిగితే వచ్చేశాడు అని రాశారు.

నేను ఏడ్చే పార్టీ కాదు. అయినా బస్సు దిగాక కాసేపు అక్కడే నిలబడ్డాను. మా అవ్వ పెళ్లయినప్పటి నుంచి తాత పేరు నోటితో పలకలేదు.

అది మా ఇళ్లలో కొత్తేమీ కాదు. మొగుడి పేరు పెళ్లాం పలకదు. బ్యాంకులో ‘భర్త పేరు?’ అని అడిగితే అవ్వ నా వీపు మీద తట్టేది, నేను చెప్పేవాణ్ణి. ఆసుపత్రిలోనూ అంతే. ఒక రకంగా నేను ఆ పేరుకు అధికార ప్రతినిధిని. తాత పేరున్న దేవుణ్ణి కూడా అవ్వ ‘కొండమీదాయన’ అనే అంటుంది. దేవుడే సర్దుకుపోయాడు, ఆటపెట్టె సర్దుకుంటుందా?

ఇంటికి వచ్చి విషయం చెప్పాను. అవ్వ అప్పటికి చివరి కోట గడప మీద ఉంది.

“అంటే, పిలవకపోతే ఈయన ఆడే ఉండిపోతాడా?”

“ఆటలో అవ్వా. తాత ఇక్కడే ఉంటాడు, పేపరు చదువుతా.”

“నీకెందుకురా, నేనడిగింది ఆయన్ని గురించి,” అని తెర చూపించింది.

పెట్టె తీసుకుపోయి ఫ్రిజ్ మీద, వినాయకుడి పక్కన పెట్టేసింది. ఆ వారమంతా ఎవరూ ముట్టుకోలేదు. మధ్యాహ్నాలు అవ్వ మళ్లీ సీరియల్ చూడటం మొదలుపెట్టింది. అందులో ఎవరి మొగుడు ఎక్కడ ఇరుక్కున్నాడో ఆమెకు పట్టలేదని చూస్తేనే తెలిసేది. చేసుకున్నదంతా ఆమె చేతులతో చేసుకుంది: అన్ని ఊళ్లు, అన్ని సత్రాలు, ఆ స్వెటరు. ఇన్నాళ్లూ ఒక్క దెబ్బ తగలనివ్వకుండా తెచ్చిన మనిషిని ఇప్పుడు గుమ్మం దగ్గర వదిలి రావాలి.

ఆదివారం పొద్దున నేనే తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

“చప్పుడు చాలంట అవ్వా. కుక్క మొరిగినా వస్తాడంట. నేను విజిలేస్తాను, పని అయిపోతుంది.”

అవ్వ నన్ను చూసిన చూపుకు ఆ ఈల నా పెదాల మీదే ఆరిపోయింది.

“విజిలేస్తే రావడానికి ఆయనేమన్నా ఆటోనా?”

“పోనీ నేను పేరు పెట్టి పిలుస్తా. బ్యాంకులో చెప్పలేదా?”

“చెప్పేది వేరే, పిలిచేది వేరే. తాతను పేరు పెట్టి పిలుస్తావా? నాలిక కోస్తా.”

అమ్మను చూశాను. అమ్మ చేతులు రెండూ ఎత్తేసింది. మామగారి పేరు కోడలు పలకడమంటే ఇంకా పెద్ద కేసు. నాన్నను లేపితే ఆయన, “నాన్నను పేరు పెట్టి... ఏం పేరు?” అని అటు తిరిగి పడుకున్నాడు.

తాత పేపరు దించాడు. “నేను చెప్పేదా? నా పేరు నేను పలకొచ్చు గదా.”

అవ్వ ఆలోచించింది. నాకైతే సమస్య తీరిపోయిందనిపించింది. ఆమె మాత్రం తల అడ్డంగా ఊపింది. “లోపల ఉండేది మీరు. మిమ్మల్ని మీరే పిలుచుకుంటే అది పిచ్చాసుపత్రి.”

తాత లేచి కండువా భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, ఎవరికీ కాకుండా గోడకు చెప్పినట్టు చెప్పాడు.

“నేను మిద్దె మీదకి పోతాండా. ఆడికి ఏమీ వినపడదు. పేరేగా, చెప్పేసెయ్. నేనేమీ అనుకోను.”

మెట్ల మీద చెప్పుల చప్పుడు పైకి పోయింది. అవ్వ కొంగుతో తెర తుడిచింది. ఆ క్షణంలో ఏదో ఒకటి అనాలని నా నోరు దురద పెట్టింది. అమ్మ నా మోకాలు గిల్లింది. నోరు మూసుకున్నాను. నా చరిత్రలో ఇది గమనించదగ్గ విషయం.

అవ్వ కోటలోకి పోయింది. చివరి రాక్షసుడు కొండంత ఉన్నాడు. వైద్యం పిల్ల వాణ్ణి ఉతికి ఆరేసింది. నాయకుడు మొదటి నుంచి చివరిదాకా కాచుకునే ఉన్నాడు. సంగీతం మారింది. ఆ పేజీలో ఇక్కడే ఏడవడం మొదలుపెట్టాలని రాశారు. రాతి గుమ్మం కదిలింది, ముగ్గురు బయటికి పరిగెత్తారు. అవతల చీకట్లో ఒక చిన్న బొమ్మ, స్వెటరు వేసుకుని, వీపు మాకు చూపిస్తూ నిలబడింది. కింద అక్షరాలు వచ్చాయి. నేను చదివి చెప్పాను. “పేరు పెట్టి పిలవమంటోంది అవ్వా.”

అవ్వ నోరు తెరిచింది. పెదాలు మొదటి అక్షరం దగ్గరికి పోయి ఆగాయి. మళ్లీ పోయాయి, మళ్లీ ఆగాయి. గుమ్మం సగం మూసుకుంది. అమ్మ నా మోకాలు వదల్లేదు, దాని మీద నాకు ఇప్పటికీ మచ్చ ఉండాలి.

అవ్వకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. పెట్టెను మొహానికి దగ్గరగా పట్టుకుని, రోజూ వంటింటి గడప మీద నిలబడి అరిచే అరుపు అరిచింది.

“ఇదో! మిమ్మల్నే! అన్నం చల్లారిపోతా ఉండాది, రండి!”

బొమ్మ వెనక్కి తిరిగింది. కాసేపు నిలబడింది, వినపడిందా లేదా అని ఆలోచించినట్టు. తర్వాత నడిచి, గుమ్మం దాటి, ఇవతలికి వచ్చేసింది.

“వస్తా ఉండా, వస్తా ఉండా!” అని మిద్దె మీద నుంచి కేక వినపడింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, మోకాలు నొప్పి ఉన్న మనిషి దిగాల్సిన దానికంటే వేగంగా.

తాత లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, పీట వేసుకుని కూర్చున్నాడు. మేము ముగ్గురం ఆయన్ని చూస్తూ ఉండిపోయాం. అవ్వ కళ్లు తుడుచుకుంటోంది. అమ్మ ముక్కు చీదుతోంది. తాత అటూ ఇటూ చూశాడు.

“అన్నం ఏదీ?”

అప్పుడు తెలిసింది. పొద్దున్నుంచీ అందరం ఆటపెట్టె ముందే ఉన్నాం. బియ్యం కడగను కూడా లేదు.

“ఇంకా పెట్టలేదు మామా,” అంది అమ్మ.

“పెట్టకుండానే పిలిచినారా?”

“లేకపోతే మీరు వస్తారా?” అంది అవ్వ.

వీధి చివర అంగడి నుంచి నేను పరోటాలు తెచ్చాను. వాసనకు నాన్న లేచాడు. తింటూ తాత నన్ను అడిగాడు, ఆ పేజీలో ఎవరైనా రాయొచ్చా అని. రాయొచ్చన్నాను.

“అయితే నాది రాయి. ఆడింది నేను గదా.”

“మీరెక్కడ ఆడారు? మొత్తం కాచుకునే కదా ఉన్నారు.”

“సామాన్యమా అది? రాయి. పిలిచినారు. వచ్చినా. అన్నం లేదు.”

ఐదు నక్షత్రాలకు ఎన్ని ఇవ్వాలని అడిగాను. పరోటా తుంచుతూ అవ్వ వైపు చూశాడు. “నాలుగియ్యి. అన్నం ఉంటే ఐదు.”

తమిళం కలిసిన మా తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పెట్టాను. కింద తాత పేరు, ఇనీషియల్, చుక్క, తెగినంతవరకు. సాయంత్రానికి ఒక జవాబు వచ్చింది. తెలుగువాడే అయి ఉండాలి, చదవగలిగాడు.

‘బ్రో, నేను ఈ ఆట మూడుసార్లు ముగించాను. ఈ ముగింపు నాకు ఒక్కసారీ రాలేదు. ఎలా తెప్పించాలి?’

అవ్వకు చదివి వినిపించాను. ఆమె అప్పటికే ఆటను కొత్తగా మొదలుపెట్టి, తెర మీద ‘నీ పేరేమిటి?’ అని ఉన్న పెట్టెను తాత చేతికి అందిస్తోంది.

“పెళ్లి చేసుకోమని చెప్పు,” అంది.