మిరపకాయల గిడ్డంగిలో ధ్యానం

వంటింట్లో మా కోడలు ఎండుమిరపకాయలు వేయించడం మొదలుపెడితే ఇల్లంతా దగ్గుతుంది. పక్క వాటావాళ్ళు తలుపులు వేసుకుంటారు. నేను మాత్రం కుర్చీలో కళ్ళు మూసుకుని నవ్వుతూ ఉంటాను. మద్రాసు సౌకార్‌పేట మిరపకాయల గిడ్డంగిలో ఆరు గంటలసేపు ఒక్క తుమ్మయినా తుమ్మకుండా ధ్యానం చేసినవాణ్ణి, ఈ ఘాటు నన్నేం చేస్తుందని మనవలతో అంటాను. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపిస్తోంది. కాగితం మీద పెడుతున్నాను కనుక కొంచెం తగ్గించాలి. ఆరు గంటలు కాదు, అరగంట. ముక్కుకు తడిగుడ్డ కూడా కట్టుకునేవాణ్ణి.

గుడ్డ లేకుండా కూర్చున్నవారు మా యజమాని కోదండయ్య శెట్టిగారు. పంతొమ్మిది వందల యాభైలలో మాట. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఏ బస్తా ఎక్కడ దించాలో, ఎన్ని వరుసలు పేర్చాలో చూడడం నా పని. మద్రాసు తెలుగువాళ్ళదా, తమిళులదా అన్న గొడవ ఊరంతా నడుస్తున్న రోజులవి. కనబడినవాడితోనల్లా వాదించేవాణ్ణి, ఒకసారి బండివాడి చొక్కా పట్టుకున్నాను. శెట్టిగారు తిట్టలేదు. మధ్యాహ్నం బళ్ళు వెళ్ళిపోయాక, గిడ్డంగి మూల తాను కూర్చునే గోనెపట్టా పక్కన ఇంకొకటి పరిపించారు. కళ్ళు మూసుకుని వచ్చే ఊపిరి, పోయే ఊపిరి చూసుకోమన్నారు. ఆ ఘాటులో ఊపిరిని చూసుకోకుండా ఉండడం ఎవరి తరం?

నెల తిరిగేసరికి నిజంగానే ఏదో జరిగింది. ఒక మధ్యాహ్నం లోపలంతా నిశ్చలమైపోయి, వీధిలోని కేకలు ఎక్కడో దూరాన ఎవరివో అయిపోయాయి. కళ్ళు తెరిచేసరికి చెంపలు తడిసి ఉన్నాయి. అది మిరప ఘాటు కాదు. ఈ ఒక్క సంగతిలో నేను ఏమీ కలపలేదు.

ఈ శాంతి ఎప్పటికీ నిలుస్తుందా అని శెట్టిగారిని అడిగాను.

"నాకు తెలీదబ్బయా. ముప్పై ఏండ్లుగా కూర్చుంటా ఉండా. ఈడ దొరికింది వీధి మలుపుదాకా కూడా రాదు. మళ్ళీ రేపొచ్చి కూర్చుంటా" అన్నారు.

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఆయనకు నిలవనిది నాకు నిలిచి తీరుతుందని పట్టుబట్టాను. ఒక్క రోజు తప్పినా ఆ ఆనందం చేజారిపోతుందని బెంగ. ఎనిమిది వరుసలకు మించి బస్తాలు పేర్చవద్దన్నది శెట్టిగారి కట్టడి. ఒకనాడు సరుకు ఆలస్యంగా వచ్చింది. వేరే దొంతి పెట్టిస్తే కూర్చునే వేళ మించిపోతుందని పదకొండు వరుసలు ఎత్తించాను. బస్తాలు మోసే ఏసుపాదం, నా ఈడువాడే, దొంతి వాలుతోందని చెప్పాడు. రేపు సర్దుదువులే అని పట్టా మీదికి పోయాను.

కాసేపటికి నేల అదిరింది. ఆ వెనకే దగ్గు. మా గిడ్డంగిలో దగ్గు వినబడితే ఎవరూ తల తిప్పరు. విన్నాను గానీ, ఎంత లోతులో ఉన్నానంటే అది నన్ను తాకలేదు. కానీ ఆ దగ్గు వేరని శెట్టిగారికి తెలిసింది. కూర్చున్నచోట ఈగ వాలినా కదలని మనిషి ఒక్క ఉదుటున లేచి పరుగెత్తారు. బస్తాలు లాగుతున్న చప్పుడు, ఆయన రొప్పు వినబడుతూనే ఉన్నాయి. ఆయన ధ్యానం చెదిరింది, నాది చెదరలేదు అనుకున్నాను. అలా అనుకోగలిగినందుకు ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఆయనే వచ్చి భుజం పట్టి లేపారు. పంచె ఊడిపోతోంది, అరచేతులు గీరుకుపోయి ఉన్నాయి. ఆయన వెనక నేల మీద ఏసుపాదం. వాడి కాలు మోకాలి కిందనుంచి ఉండకూడని వైపుకు తిరిగి ఉంది. ముఖమంతా ఎర్రటి పొడి. చేతులతో ఏం చేయాలో తెలియక తడిగుడ్డను విప్పి మళ్ళీ కట్టుకున్నాను.

"పిలిస్తే లేవలేనోడు కూర్చోబన్లేదు" అన్నారు శెట్టిగారు. అంతే. గొంతు కూడా పెంచలేదు.

మర్నాడు నా పట్టా తీయించేశారు, ఉద్యోగం మాత్రం ఉంచారు. ఏసుపాదానికి కూర్చుని చేసే తూకం పని ఇచ్చారు. ఆయన పోయాక ఇంట్లోనే కూర్చోవడం మొదలుపెట్టాను, ఇప్పటికీ కూర్చుంటున్నాను. శాంతి వస్తుంది, పోతుంది. వీధి మలుపు సంగతి అటుంచి, మా గడప దాటదు. గది తలుపు మాత్రం వేసుకోను. ఎవరు పిలిచినా, వట్టినే పిలిచినా, మొదటి పిలుపుకే లేస్తాను. నాకు మిగిలింది అదొక్కటే.

ఇంతవరకు రాసి, మొన్న మాధవరంలో కూతురింట ఉంటున్న ఏసుపాదానికి చదివి వినిపించాను. వాడు నన్ను ఇప్పటికీ సామీ అనే పిలుస్తాడు, మీరు అనడం మాత్రం ఎప్పుడో మానేశాడు. మోకాలు నిమురుకుంటూ ఆఖరిదాకా విన్నాడు.

"అంతా సరే సామీ. లోతులో ఉన్నానని రాసినావే, అది కొట్టెయ్. బస్తాల కిందనుంచి నేను చూస్తానే ఉండా. నువ్వు కళ్ళు తెరిచినావు. నన్ను చూసినావు. మళ్ళీ మూసుకున్నావు."